క్లచ్ తొక్కినా ఆగని బండి

మే నెల ఆఖరి వారంలో రైతు మోతీలాల్ ట్రాక్టర్‌ను ఇంకో ట్రాక్టర్‌కు గొలుసుతో కట్టి లాక్కొచ్చి, ఘనపూర్‌లో సమ్మయ్య రేకుల షెడ్డు ముందు వదిలేసి పోయారు. రెండు నెలలకు పైగా పోలీసు స్టేషను ఆవరణలో ఎండిన బండి అది. సీటు పగిలి స్పాంజి బయటికొచ్చింది. ముందు టైర్లలో గాలి లేదు. వెనక ట్రాలీ తగిలించే కొక్కెం మీద మాత్రం ఎవరో పసుపు నీళ్లు చల్లినట్టున్నారు, ఆ మరక ఇంకా పోలేదు.

సమ్మయ్య చేతిలో ఉన్న పని ఆపకుండానే దాన్ని ఒక్కసారి చూశాడు. ఈ బండి తన దగ్గరికి రాదని ఆయన అనుకున్నాడు. స్టేషను నుంచి విడిపించుకున్నాక మోతీలాల్ దాన్ని అమ్మేస్తాడని, లేదంటే భూపాలపల్లిలో పెద్ద షాపుకు తోలుకుపోతాడని ఆశపడ్డాడు. అలా జరగలేదు. పదిహేనేళ్లుగా కట్టిన చెట్టు కిందికే గొడ్డు తిరిగొచ్చినట్టు, అది నేరుగా ఆయన షెడ్డుకే వచ్చింది.

సమ్మయ్యకు యాభై రెండేళ్లు. చిన్నతనంలోనే మేనమామ వెంట జనగామ పోయి, రైలు గేటు దగ్గర బక్కయ్య అనే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు. పదకొండేళ్లు అక్కడే చేశాడు. పెళ్లయ్యాక భార్య గట్టమ్మను తీసుకొని సొంతూరికి దగ్గరగా ఉంటుందని ఘనపూర్ వచ్చి షెడ్డు వేసుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో ఆయనకు పేరుంది. గేరు డబ్బా విప్పితే ప్రతి బేరింగునూ వేలికి తగిలించుకొని, కళ్లు మూసుకొని తిప్పి చూస్తాడు. "కన్ను మోసపోతది, చెవి మోసపోతది. వేలును నమ్మురా" అని బక్కయ్య చెప్పిన మాట ఆయనకు వేదం. వేలికి ఏ మాత్రం గరుకు తగిలినా ఆ బేరింగు మళ్లీ బండి ఎక్కదు.

కొన్నిసార్లు తప్ప.

ఆ ట్రాక్టర్ కింద పడి చనిపోయినవాడు దస్రు. రేగులకుంట తండావాడు, ముప్పై ఎనిమిదేళ్ల కూలీ. బండి నడిపింది లింగ్యా. అతను మోతీలాల్ దగ్గర డ్రైవరు, దస్రు భార్య కళావతికి సొంత తమ్ముడు. మార్చిలో మిర్చి బస్తాలు ఎత్తిన రోజున ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించాల్సి వచ్చింది. లింగ్యా వెనక గేరులో మెల్లగా వచ్చి, క్లచ్ తొక్కి బండి ఆపాడు. దస్రు ట్రాక్టర్‌కు, ట్రాలీకి మధ్యన దూరి, పిన్ను వేయడానికి వంగాడు. బండి ఉన్నట్టుండి వెనక్కి ఎగిరింది. బ్రేకు మీదికి లింగ్యా కాలు పోయేలోపే దస్రు ఛాతీ రెండు ఇనుముల మధ్య నలిగింది. ములుగు దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

"నేను క్లచ్ మీద కాలు తియ్యలే" అని లింగ్యా ఆ రోజు నుంచి చెబుతూనే ఉన్నాడు. ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం కూడా ఉంది. దానికి రెండు రోజుల ముందు దస్రు తాగొచ్చి కళావతిని కొట్టాడు. లింగ్యా పోయి బావ గల్లా పట్టి, "ఇంకోపారి మా అక్క మీద చెయ్యేస్తే మంచిగుండదు" అని తండా నడిమధ్యన అందరూ వినేటట్టు అరిచాడు. ఆ మాట అందరికీ గుర్తుంది. పోలీసులు నిర్లక్ష్యంగా నడిపాడని కేసు రాశారు గానీ, తండాలో దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. బెయిలు మీద బయటికొచ్చిన లింగ్యాకు ఎవరూ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అతను మహబూబాబాద్ పోయి మిర్చి బస్తాలు మోసుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

బండి వచ్చిన మర్నాడు మోతీలాల్ షెడ్డుకు వచ్చాడు. లావుపాటి మనిషి. ఎప్పుడూ మోటారు సైకిలు దిగకుండానే మాట్లాడతాడు, ఆ రోజు మాత్రం దిగి లోపలికొచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"సమ్మన్నా, మిరుగు కార్తె దగ్గర పడ్డది. దుక్కులకు బండి కావాలె. క్లచ్ తొక్కినా గేరు పడ్తలేదు, కరకర అంటాంది. మొత్తం ఇప్పు. లోపల ఏది ఖరాబుంటే అది కొత్తది ఎయ్యి."

"ఇప్పినంక పిలుస్త, వచ్చి సూడు."

"నాకు సూపెట్టే పని లేదన్నా." మోతీలాల్ రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "పాత సామాను ఎవ్వలకు సూపెట్టే పని లేదు. సమజైంది కదా?"

సమ్మయ్యకు సమజైంది. లింగ్యా ముందే తనతో చెప్పినట్టు మోతీలాల్‌తోనూ చెప్పి ఉంటాడన్నమాట.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం లింగ్యా బండిని రోడ్డు పక్కన ఆపి షెడ్డులోకి వచ్చిన సంగతి సమ్మయ్య ఎంత మరిచిపోదామన్నా మరుపు రావడం లేదు. అప్పుడు షెడ్డులో నాలుగు బండ్లున్నాయి. "సమ్మన్నా, క్లచ్ తొక్కినా ఒక్కోపారి బండి జరుగుతాంది. నాకు బుగులైతాంది. జర సూడరాదే" అని అతను భయపడుతూ, బతిమిలాడినట్టే అడిగాడు. సమ్మయ్య పానా తీసుకొని పోయి, పెడలు కింద కడ్డీని రెండు చుట్లు బిగించి, "నిరుడే కొత్త ప్లేటు ఏసిన కదరా. సర్దుకుంటది పో" అన్నాడు. ఒక్క నిమిషం పని.

ప్రమాదం జరిగిన నాలుగో రోజున స్టేషను నుంచి ఫోను వచ్చింది. తనిఖీకి వచ్చిన అధికారి బ్రేకులు చూసి బాగున్నాయని రాసి పోయాడట. డ్రైవరేమో క్లచ్ అంటున్నాడు, నువ్వే వేసినవట కదా, ఎట్లున్నది అని అడిగారు. సమ్మయ్య అప్పుడు అన్నం తింటున్నాడు. "మంచిగనే ఉండె సార్. నిరుడే ఏసిన" అన్నాడు. ఆలోచించి చెప్పిన మాట కాదు. ఆ మాటను వాళ్లు కాగితం మీద రాసుకున్నారని ఆ తర్వాత ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆయనకు ఫోను మోగినట్టే ఉండేది.

ట్రాక్టర్‌ను నడుమకు విడదీయడానికి రెండు రోజులు పట్టింది. ముందు భాగాన్ని దుంగల మీద నిలబెట్టి, వెనక భాగాన్ని జాకీ బండి మీద వెనక్కి జరిపాడు. మొదటి రోజే ఆయన ఒకటి గమనించాడు. రోడ్డుకు అవతల మూసి ఉన్న పాన్ డబ్బా నీడలో కళావతి నిలబడి ఉంది. కూలీ పనికి పోతూ బస్సు కోసం ఆగిందేమో అనుకున్నాడు. బస్సు వచ్చింది, పోయింది. ఆమె కదలలేదు. చేతిలో సద్ది మూట పట్టుకొని, ఆయన ఒక్కో బోల్టూ విప్పుతుంటే చూస్తూ నిలబడింది. మధ్యాహ్నం చూస్తే లేదు. రెండో రోజు పొద్దున మళ్లీ అక్కడే ఉంది.

"ఆమెను లోపలికి పిలిచి ఏం కావాల్నో అడుగరాదు?" అంది గట్టమ్మ, చాయ్ తెచ్చి ఇస్తూ.

"ఎందుకు? నిలవడనియ్యి."

"నీకేమైంది? నాలుగు దినాలాయె, ఎవ్వలతోని సరిగ్గ మాట్లాడ్తలేవు."

సమ్మయ్య చాయ్ పక్కన పెట్టేశాడు. అది చల్లారిపోయి మీగడ కట్టింది.

ఇంజను చివర తిరిగే బరువైన ఇనుప చక్రాన్ని ఫ్లైవీల్ అంటారు. దాని నడిమధ్యన ఒక గుంత ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోయే చిన్న బేరింగు ఒకటి ఆ గుంతలో కూర్చుంటుంది. గేర్ల వైపు నుంచి వచ్చే షాఫ్టు కొన ఆ బేరింగులో ఆని తిరుగుతుంది. క్లచ్ తొక్కినప్పుడు ఇంజను తిరుగుతూనే ఉండాలి, షాఫ్టు మాత్రం ఆగిపోవాలి. ఒకటి తిరుగుతుండగా రెండోదాన్ని నిలవనివ్వడమే ఆ బేరింగు పని. అది పట్టేసిందంటే, డ్రైవరు క్లచ్ ఎంత తొక్కినా ఇంజను షాఫ్టును తన వెంట ఈడ్చుకుపోతుంది. గేరులో ఉన్న బండి నిలబడాల్సిన చోట కదులుతుంది.

రెండో రోజు సాయంత్రం షాఫ్టు కొన బయటపడింది. సమ్మయ్య దాన్ని గుడ్డతో తుడిచాడు. తుడిచినకొద్దీ నీలంగా మెరిసింది. ఇనుము బాగా కాలి చల్లారితే వచ్చే రంగు అది. ఆయన ఆ కొనను మళ్లీ గ్రీజు పూసి కప్పేశాడు. తర్వాత గుడ్డ అక్కడే పడేసి, ఆ పూటకు షెడ్డు మూసేశాడు.

నిరుడు వానాకాలంలో ఇదే బండికి క్లచ్ ప్లేటు మార్చినప్పుడు ఆ బేరింగును తీయబోయాడు. రాలేదు. గుంతకు అవతలి వైపు దారి లేదు, వెనక నుంచి కొట్టి తోయడానికి వీల్లేదు. ముందు నుంచి పుల్లరు గోళ్లు వేసి లాగితే మూడు సార్లు జారాయి. బయట మోతీలాల్ హారను కొడుతున్నాడు, నాట్ల కూలీలు మళ్లలో నిలబడి ఉన్నారు. సమ్మయ్య గుంతలో వేలు పెట్టి తిప్పాడు. ఇసుక రేణువంత గరుకు తగిలింది. వేలు చెప్పాల్సిందంతా చెప్పింది. ఆయన దాని నిండా గ్రీజు కూరి, మూడు పంటలకు ఢోకా లేదనుకొని మూసేశాడు. పాతదే ఉంచానని ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున షెడ్డు తెరిచేసరికి కళావతి రోడ్డు దాటి ఇవతలికి వచ్చి, గడప పక్కన కూర్చొని ఉంది. ముప్పై నాలుగేళ్ల మనిషి, నెత్తి మీద కొంగు కప్పుకొని ఉంది. చేతులకు గాజులు లేవు.

"ఏం పనమ్మా?" అన్నాడు సమ్మయ్య.

"ఏం లేదన్నా. నీ పని నువ్వు చేస్కో."

"ఈడ దుమ్ము, నూనె. నీకెందుకు?"

"నా పెనిమిటిని తిన్నది గదా గది. దాని కడుపుల ఏమున్నదో సూసి పోత."

ఆయన ఆమెను వెళ్లిపొమ్మనలేదు. ఆమెకు వీపు పెట్టి, ఫ్లైవీల్ ముందు పీట వేసుకొని కూర్చున్నాడు.

బేరింగు లోపలి గిన్నె సగం పగిలి షాఫ్టుతోపాటు వచ్చేసింది. మిగిలిందంతా గుంతకు అతుక్కుపోయింది. పుల్లరు వేశాడు. గోళ్లు పట్టినట్టే పట్టి, మర తిప్పగానే టక్కున జారి ఆయన మోకాలికి తగిలాయి. మళ్లీ వేశాడు. రెండో గోరు విరిగింది. ఉలి పెట్టి అంచు లేపుదామంటే గుంత గోడకు గాటు పడుతుంది. గాటు పడితే కొత్త బేరింగు కూర్చోదు. గ్యాసు మంట పెట్టి వేడి చేశాడు. చుట్టూ ఉన్న నూనె మసి కమురు కంపు కొట్టింది గానీ బేరింగు కదల్లేదు. ఎండ రేకుల మీదికెక్కింది. చొక్కా వీపుకు అతుక్కుంది. వెనక కళావతి ఊపిరి కూడా వినబడటం లేదు. ఆమె ఉందో పోయిందో అని ఒకసారి తిరిగి చూశాడు. ఉంది. రెప్ప వేయకుండా చూస్తోంది.

ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. రావడం లేదని చెప్పి, ఫ్లైవీల్ మొత్తంగా మార్చేయవచ్చు. పాత చక్రం పాత సామాను బండికి పోతుంది, దాంతోపాటు ఆ బేరింగూ పోతుంది. ఇక ఎవరూ ఎప్పటికీ చూడరు. చేతిలో సుత్తె పట్టుకొని ఆ ఆలోచన దగ్గరే చాలాసేపు ఆగిపోయాడు.

"ఎల్తలేదా అన్నా?" వెనక నుంచి అడిగింది.

"ఎల్తలేదు బిడ్డా. గుడ్డి గుంత. ఎనకకెల్లి దారి లేదు."

"మరెట్ల?"

అలా అడిగే మనిషి లేకపోతే ఆయన ఆ పూట సుత్తె కింద పెట్టేసేవాడు. అడిగింది కాబట్టి, చేతులు తమంతట తాము బక్కయ్య ఉస్తాద్ చూపించిన పని మొదలుపెట్టాయి. గుంత నిండా గ్రీజు కూరాలి. బేరింగు బెజ్జంలో బిర్రుగా పట్టే ఇనుప కడ్డీ పెట్టి సుత్తెతో కొట్టాలి. లోపల గ్రీజుకు పోవడానికి చోటు ఉండదు, బేరింగును వెనక నుంచి అదే తోసుకొస్తుంది. సమ్మయ్య పాత షాఫ్టు ముక్కను ఆ కొలతకు అరగదీసి, గ్రీజు నింపి కొట్టాడు. మొదటి దెబ్బకే గోళీల సందుల్లోంచి గ్రీజు చిమ్మి మొహం మీద పడింది. బేరింగు అంతగా అరిగిపోయి ఉంది. గ్రీజు నిలవడం లేదు.

"పల్సగ అయితాంది. జర గట్టిది కావాలె" అన్నాడు తనలో తాను. "పిండి ముద్ద అసుంటిది."

కళావతి లేచి వచ్చింది. సద్ది మూట విప్పి, జొన్నరొట్టె తీసి ఆయన ముందు పెట్టింది.

"గిది పనికొస్తదా?"

సమ్మయ్య ఆమె మొహంలోకి చూడలేదు. రొట్టెను తుంచి, నీళ్లు చల్లి, మెత్తగా పిసికాడు. ఆ ముద్దను కొంచెం కొంచెంగా గుంతలోకి కూరి, కడ్డీ పెట్టి కొట్టాడు. సుత్తె మోత మారింది. అంతకుముందు బోలుగా పలికింది, ఇప్పుడు బరువుగా పలికింది. కడ్డీ తీసి ఇంకో ముద్ద కూరాడు, మళ్లీ కొట్టాడు. ఒక రొట్టె అయిపోయింది. ఆమె రెండోది తీసి తానే తడిపి, పిసికి అందించింది. అయిదారు దెబ్బల తర్వాత గోరంత అంచు బయటికొచ్చింది. ఇంకో దెబ్బ, ఇంకో ముద్ద. గోరంత వేలంతైంది. చివరి దెబ్బకు బేరింగు టప్పున ఊడి, ఆయన పాదాల మధ్య పడి, దొర్లుకుంటూ పోయి ఆమె కాలి దగ్గర ఆగింది.

ఆమె వంగి తీసుకుంది. ఇంకా వెచ్చగా ఉండి ఉంటుంది. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. నల్లగా మాడిపోయిన ఇనుము. గుండ్రంగా ఉండాల్సిన గోళీలు ఒక పక్క చదునై, ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. సందుల్లో రొట్టె పిండి పేరుకుంది.

"గిది తిరగాల్నా?"

"తిరగాలె."

"తిరుగుతలేదు."

"తిరుగది."

"గిది తిరుగకపోతే ఏమైతది?"

పాతదైతే గిట్లనే అయితదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోతుంది. ఆమెకు ఇంతకు మించి తెలిసే దారి లేదు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ ఆమె అరచేతిలో ఉన్నదాన్ని చూస్తూ ఆయన దాన్ని పైకి అనలేకపోయాడు.

"క్లచ్ తొక్కినా బండి ఆగది" అన్నాడు. "మీ తమ్ముడు కాలు తియ్యలే బిడ్డా. నిజమే చెప్పిండు."

ఆమె కదలలేదు. ఆయన ఆపలేకపోయాడు. నిరుడు దీన్ని తీయలేక వదిలేసిన సంగతి, వేలికి గరుకు తగిలినా మూసేసిన సంగతి, ఫిబ్రవరిలో లింగ్యా వచ్చి బతిమిలాడిన సంగతి, అన్నీ వరసగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ మోకాలి పక్కన విరిగి పడి ఉన్న పుల్లరు గోరునే చూస్తూ ఉన్నాడు.

"పోలీసోళ్లు అడిగినప్పుడు నువ్వేం జెప్పినవ్?" అంది కళావతి. కోపం వినబడలేదు ఆ గొంతులో. అదే ఆయనకు ఎక్కువ భయమనిపించింది.

"మంచిగున్నదన్న."

ఆమె బేరింగును కొంగు చివర పెట్టి ముడి వేసింది. దాని బరువుకు కొంగు జారుతుంటే నడుముకు చుట్టి దోపుకుంది. ఖాళీ సద్ది గుడ్డ తీసుకొని రోడ్డెక్కింది. సమ్మయ్య గడప దాకా పోయి, "కళావతీ" అని పిలిచాడు. ఆమె వెనక్కి తిరగలేదు. ఆ రోజు ఆమె తండా వైపు పోయే దారి పట్టలేదు. బస్సెక్కింది.

తర్వాతి నాలుగు రోజులు సమ్మయ్య షెడ్డు తెరిచాడు గానీ పని చేయలేదు. ఏ బస్సు ఆగినా లేచి నిలబడేవాడు. గట్టమ్మకు మొదటి రోజే అంతా చెప్పాడు. ఆమె అంతా విని, "తండోళ్లు కర్రలు పట్టుకొని వచ్చినా నువ్వు ఇంట్లకెల్లి ఎల్లి దాసుకోకు" అని మాత్రం అంది. మోతీలాల్ ఫోను మీద ఫోను చేశాడు. అయిదో ఫోనుకు సమ్మయ్య జరిగింది చెప్పేస్తే తిట్టాడు. "నీకేం రోగమే? నన్ను గూడ కోర్టుకెక్కియ్యాల్ననా? మూసుకొని కొత్తది ఎయ్యమంటే ఊరంత డప్పు కొడ్తవా?" అన్నాడు. ఆ సాయంత్రమే మనుషులను పంపి, విడదీసిన రెండు ముక్కలనూ అట్లాగే వేరే షాపుకు ఎత్తించుకుపోయాడు.

అయిదో రోజు పొద్దున లింగ్యా వచ్చాడు. పక్కన కళావతి, వెనక తండా పెద్ద మంగీలాల్, ఇంకో నలుగురు. ఎవరి చేతుల్లోనూ కర్రలు లేవు. లింగ్యా బాగా చిక్కిపోయాడు. బస్తాలు మోసీ మోసీ మెడ వెనక చర్మం పుండు పడి ఎండి ఉంది. కళావతి మహబూబాబాద్‌లో మూడు రోజులు వెతికి అతన్ని పట్టుకుందట.

సమ్మయ్య లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను నీకు చెప్పిన సమ్మన్నా" అన్నాడు లింగ్యా.

"చెప్పినవ్."

"బుగులైతాందని చెప్పిన."

"చెప్పినవ్ రా. నేను ఇనలే."

లింగ్యా ఇంకేదో అంటాడని అందరూ చూశారు. అతను మొహం పక్కకు తిప్పుకొని, గోడకు వేలాడుతున్న పానాలను చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు మంగీలాల్ ముందుకొచ్చి, "ఈడ చెప్పుడు కాదు సమ్మయ్యా. తండల చెప్పు. టేషన్ల చెప్పు" అన్నాడు.

సమ్మయ్య ఆ రోజే పోయాడు. తండాలో అందరి ముందు నిలబడి చెప్పాడు. చెబుతుంటే ఒక ముసలమ్మ లేచొచ్చి ఆయన మొహాన దుమ్మెత్తి పోసింది. ఆమె దస్రు తల్లి. ఎవరూ ఆపలేదు. ఆయన తుడుచుకోలేదు. ఆ దుమ్ముతోనే స్టేషనుకు పోయి, తను ముందు చెప్పింది అబద్ధమని, మళ్లీ రాసుకోమని అడిగాడు. బేరింగును వాళ్లు ఒక కవరులో పెట్టి సీలు వేశారు. కేసులో ఇప్పుడు సమ్మయ్య పేరు కూడా చేరింది. అది ఇంకా నడుస్తూనే ఉంది. వాయిదాలకు లింగ్యా, ఆయన ఒకే బెంచీ మీద కూర్చుంటారు, మాట్లాడుకోరు. లింగ్యా తండాకు తిరిగొచ్చి అక్క ఇంటి పక్కనే గుడిసె వేసుకున్నాడు. ట్రాక్టర్ మాత్రం మళ్లీ ఎక్కలేదు. కళావతి షెడ్డు ముందు నుంచే కూలీకి పోతుంది. ఒక్కసారి కూడా లోపలికి చూడదు.

షెడ్డుకు బండ్లు తగ్గాయి. తండాల నుంచి ఆ వానాకాలమంతా ఒక్కటీ రాలేదు. సమ్మయ్యకు అది పెద్ద బాధ అనిపించలేదు. ఆయన్ను కుదురుగా కూర్చోనివ్వనిది వేరే ఉంది. చినుకులు మొదలై ఊరిమీద ట్రాక్టర్లు దుక్కులకు దిగిన పొద్దున, గట్టమ్మ అన్నం పెట్టి పిలిస్తే ఆయన రాలేదు. చూస్తే గడపలో కూర్చొని వేళ్లు మడుస్తున్నాడు.

"ఏం లెక్కవెడ్తానవ్?"

"ఇంకో నాలుగున్నయే" అన్నాడు. "బేరింగు రాకపోతే గ్రీజు వెట్టి మూసినయి. ఈ ఏడెనిమిదేండ్లల్ల. నాలుగు బండ్లు."

గట్టమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టింది.

మరునాటి నుంచి ఆయన ఆ నాలుగు బండ్ల కోసం తిరిగాడు. మొదటిది పక్క ఊళ్లోనే ఉంది. ఊరికే విప్పి చూస్తానంటే యజమాని అనుమానంగా చూసి, కారణం విన్నాక మొహం మాడ్చుకొని తాళంచెవి ఇచ్చాడు. దాని బేరింగు ఇంకా తిరుగుతోంది గానీ వేలికి తుప్పు పట్టిన గడ్డపార మీద చెయ్యి రాసినట్టు తగిలింది, కొత్తది వేశాడు. రెండోది పొలంలో దొరికింది. మట్టి దున్నే రోటవేటర్ వెనక ఇద్దరు ఆడవాళ్లు చెత్త ఏరుతున్నారు. ఆయన చెప్పుల్లేకుండా బురదలోకి ఉరికి, డ్రైవరును ఆపమని అరిచాడు. ఆ డ్రైవరుకు ఏమీ అర్థం కాలేదు, తాగొచ్చాడనుకున్నాడు. మూడోది మూలన పడి తుప్పు పట్టి ఉంది. దాన్ని చూసి ఆయనకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

నాలుగోది అమ్ముడుపోయింది. కొన్నాయన దేవరుప్పుల మనిషని తెలిసి అక్కడికి పోయాడు. ఆయన దాన్ని నిరుడే సంతలో ఎవరికో ఇచ్చేశాడట. పేరు గుర్తు లేదు. "మొగులు రంగు బండి, బానెట్ మీద సొట్ట ఉంటది" అన్నాడు, అంతే. సమ్మయ్య జనగామలో రైలు గేటు దగ్గర నుంచి మొదలుపెట్టి ప్రతి మెకానిక్ షాపులోనూ ఆ గుర్తులు చెప్పి, తన ఫోను నెంబరు రాసిచ్చాడు. బక్కయ్య షాపు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పత్తి మార్కెట్ ముందు రోడ్డు మీద నిలబడి, వచ్చే పోయే ట్రాక్టర్లను పొద్దు వాలేదాకా చూశాడు. ట్రాలీల నిండా మనుషులు. అలాంటి నీలం బండ్లు ఎన్నో ఉన్నాయి. సొట్ట ఉన్నది కనబడలేదు.

ఇప్పటికీ కొత్త నెంబరు నుంచి ఫోను వస్తే ఆయన పని ఆపి, చేతులు తుడుచుకొని, కాసేపు ఆ అంకెల వైపు చూస్తాడు. ఎత్తగానే హలో అనడు, ఎవరని కూడా అడగడు.

"ఏ ఊరికెల్లి?" అంటాడు.